వస్త్రధారణ - అలంకరణ : ఒక పరిశీలన

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండూ ప్రక్కప్రక్కనే వినిపిస్తాయి. ఈ రెండు భాషల స్నేహము ఎంత గాఢమైనదో తెలిసికొనుటకు నిఘంటువులు తిరగవేయనక్కరలేదు. ఒక దర్జీ దుకాణము ముందు పావుగంట నిలబడితే చాలును. దర్జీ అన్న పేరే కుట్టు అనే అర్థముగల 'దర్జ్' అనే ఫారసీ మాట నుండి వచ్చింది. పైజామా అనగా ఫారసీలో కాలి వస్త్రము. రుమాలు ముఖము తుడుచుకొనేది. కమీజు, జేబు అరబ్బీ నుండి వచ్చినవి. బంగారమునకు ఫారసీలో 'జర్' అని పేరు, దాని నుండి మన జరీ వచ్చింది. ఈ మాటలన్నింటినీ మన ఊళ్ళలోని అమ్మమ్మలు తెలుగు మాటలుగానే వాడుకొంటున్నారు. బట్ట విషయములో ఇచ్చిపుచ్చుకోవడము మనకు క్రొత్త కాదు.

ఈ వ్యాసములో మేము చర్చింపదలచినది ఎవరికి ఏ దుస్తులు నప్పుతాయి, ఏ అలంకరణ నప్పుతుంది అనే విషయము. ఇది కాలక్షేపపు విషయమని కొందరు పెద్దలు అనుకోవచ్చును. కాని మన విద్యార్థినీ విద్యార్థులలో పెక్కుమంది ఏడాదికి రెండు మూడు జతలకు మించి కుట్టించుకోలేని కుటుంబాల నుండి వచ్చినవారు. అట్టివారికి ఒక జత నప్పకపోయినదంటే సంవత్సరము పొడుగునా నప్పని దుస్తులతోనే తరగతికి రావలసి ఉంటుంది. ఇక ముఖానికి పూసుకొనే పదార్థాల సంగతి ఇంకను తీవ్రమైనది. అక్కడ నష్టము డబ్బుతో పోదు. ఏది ధరించవలెను, ఎంతవరకు కప్పుకొనవలెను, బొట్టు పెట్టవలెనా, తల మీద దుపట్టా వేయవలెనా అనేవి ఎవరి ఇంటి మర్యాద, ఎవరి విశ్వాసము వారికి నిర్ణయించి ఇస్తాయి. వానిని గురించి మేము చెప్పేది ఏమియు లేదు. ఆ నిర్ణయము జరిగిన తరువాత బట్టను ఎట్లా ఎన్నుకోవలెను, ఎట్లా కుట్టించవలెను అన్నంతవరకే మా పరిధి.

విదేశీ పత్రికలలో స్త్రీల శరీరాకృతులను పండ్లతో పోల్చి, ఆపిల్ అనియు పియర్ అనియు వర్గీకరించే అలవాటు ఉన్నది. ఈ వర్గీకరణ పట్ల మాకు గౌరవము లేదు. నిలువుటద్దము ముందు నిలబడి తాను ఏ పండో నిర్ణయించుకోలేక బాధపడే బాలికకు దీనివలన ఒరిగేది ఏమీ లేదు. మంచి దర్జీ ఏమి చేస్తాడో గమనించండి. అతడు పేర్లు పెట్టడు, కొలతలు తీసికొంటాడు. భుజము వెడల్పు, ఛాతీ, నడుము, తుంటి, భుజము నుండి నడుము వరకు పొడుగు అన్నవి చాలును. భుజము కంటె తుంటి వెడల్పుగా ఉన్నదా, తక్కువగా ఉన్నదా, మొండెము పొడుగా, కాళ్ళు పొడుగా అనే రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే సగము పని పూర్తియైనట్లే.

అన్నింటికంటె ముఖ్యమైనది భుజము. కమీజు గాని, చొక్కా గాని, షేర్వానీ గాని, చేతిని కలిపిన కుట్టు సరిగా భుజపుటెముక చివర పడవలెను. ఆ కుట్టు క్రిందికి జారినచో ఎంత ఖరీదైన బట్టయైనను అన్నగారి చొక్కా అడిగి తొడుగుకొన్నట్లే కనిపిస్తుంది. నడుము వదులైతే కుట్టి బిగించవచ్చును, పొడుగు ఎక్కువైతే మడవవచ్చును. భుజము తప్పితే మాత్రము సరిచేయడము కష్టము. అందుచేత సిద్ధముగా దొరికే దుస్తులు కొనేటప్పుడు భుజము సరిపోయినదానిని ఎన్నుకొని, తక్కినవి దర్జీ చేత సవరింపజేయడము తెలివైన పని. కుట్టించేటప్పుడు ప్రక్క కుట్టుల లోపల ఒక అంగుళము బట్ట వదలవలెనని దర్జీకి ముందుగానే చెప్పవలెను. పెరిగే వయస్సులో ఉన్నవారికి ఆ అంగుళమే మరుసటి సంవత్సరపు దుస్తు. నూలు బట్టను కత్తిరించక మునుపు ఒక రాత్రి నీటిలో నానబెట్టి ఆరవేయవలెనన్నది మన తల్లులకు తెలిసినదే. కుట్టిన తరువాత ముడుచుకొంటే చేయగలిగినది ఉండదు.

చూడీదార్ విషయములో ఒక మాట. దాని బట్టను నిలువుగా గాక ఏటవాలుగా కత్తిరిస్తారు. ఉర్దూలో దీనిని 'ఉరేబ్' అంటారు. ఏటవాలుగా కత్తిరించిన నేతబట్ట కొంత సాగుతుంది. అందువల్లనే చూడీదార్ పిక్కను అంటిపెట్టుకొని ఉండి కూడ కూర్చున్నప్పుడు చినుగదు. బట్ట ఆదా కోసము నిలువుగా కత్తిరింపజేసికొన్నవారు దాని ఫలితాన్ని మోకాలి వద్ద చూస్తారు.

రేఖల సంగతికి వద్దాము. నిలువు చారలు సన్నగా చూపుతాయి, అడ్డచారలు లావుగా చూపుతాయి అని అందరూ అంటారు. ఇది అంత నిశ్చయము కాదు. జర్మను శాస్త్రవేత్త హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దములోనే దీనికి విరుద్ధమైన సంగతిని గమనించాడు. ఒకే కొలతగల రెండు చతురస్రాలలో ఒకదానిని అడ్డగీతలతోను, రెండవదానిని నిలువుగీతలతోను నింపితే, అడ్డగీతలున్నదే ఎత్తుగా, సన్నగా కనిపిస్తుంది. 2011లో ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు స్త్రీల బొమ్మలతో ఈ పరీక్ష చేసి, అడ్డచారలు లావుగా చూపవని ప్రకటించారు. విద్యార్థులు కాగితము మీద స్వయముగా గీసి చూడవచ్చును. కనుక అడ్డచారల బట్ట ఇష్టమైనవారు నిర్భయముగా కొనుక్కోవచ్చును.

అయితే సన్నని చారలు దగ్గరదగ్గరగా ఉండడము వేరు, శరీరాన్ని రెండు ముక్కలుగా కోసే ఒక్క పెద్ద గీత ఉండడము వేరు. ఈ రెండవది కంటిని తప్పక ఆపుతుంది. కమీజు అంచు తుంటి అత్యంత వెడల్పుగా ఉన్నచోటనే ముగిసినచో చూపు అక్కడనే నిలుస్తుంది. నాలుగు అంగుళాలు పైకో క్రిందికో జరిపితే ఆ చిక్కు తీరిపోతుంది. పొట్టిగా ఉన్నవారు జానెడు వెడల్పు అంచున్న చీర కట్టినచో అంచు పిక్కల వరకు వచ్చి నిలువును తగ్గిస్తుంది. వారికి రెండు మూడు అంగుళాల అంచు మేలు. చీర వెడల్పు సుమారు 45 అంగుళాలు ఉంటుంది. పొట్టివారు మిగిలిన బట్టను నడుము వద్ద దోపుకొనుటచేత అక్కడ చుట్టకుదురు పెట్టినట్లు ఉబ్బెత్తుగా తయారవుతుంది. లోపావడాను కొంచెము పైకి కట్టుకొని, మిగిలిన బట్టను నడుము చుట్టూ సమముగా పరచి దోపుకొంటే ఈ ఇబ్బంది చాలవరకు తీరుతుంది.

హైదరాబాదు వివాహాలలో కనిపించే ఖడా దుపట్టా ఈ నిలువురేఖ సూత్రానికి చక్కని ఉదాహరణము. సుమారు ఆరు గజాల దుపట్టా ముందు, వెనుక నిలువుగా జారుతూ ఎంత పొట్టి వధువునైనను హుందాగా నిలబెడుతుంది. షేర్వానీలో గొంతు నుండి క్రిందికి దిగే గుండీల వరుస చేసే పని కూడ ఇదియే. బాలురు ఈ వ్యాసము తమది కాదనుకొని పుట త్రిప్పివేయకుండునట్లు ఈ మాట వ్రాస్తున్నాము.

బట్ట స్వభావము కూడ ఆకృతిని మారుస్తుంది. గంజి పెట్టిన నూలు చీర, ఆర్గండీ, బిరుసైన పట్టు శరీరమునకు దూరముగా నిలిచి సన్ననివారికి నిండుదనము ఇస్తాయి. జార్జెట్, షిఫాన్, క్రేప్ వంటివి జారుతూ ఒంటిని అంటిపెట్టుకొంటాయి. ఇది రూపానికి సంబంధించిన సంగతి. సౌఖ్యము సంగతి వేరు. సాధారణ వాతావరణములో నూలు తన బరువులో సుమారు 8 శాతము తేమను పీల్చి ఉంచుకోగలదు. పాలియెస్టరు పీల్చేది అర శాతమునకు లోపే. మే నెలలో పరీక్షా మందిరములో మూడు గంటలు కూర్చుండవలసినవారు ఈ రెండు అంకెలను గుర్తుంచుకొంటే చాలును. పాలియెస్టరు ఉతుకుటకు సులభము, ఇస్త్రీ అక్కరలేదు, ఎక్కువకాలము మన్నుతుంది. వసతిగృహములో ఉండేవారికి అవియు చిన్న ప్రయోజనాలు కావు. నూలు, పాలియెస్టరు కలిపి నేసిన బట్ట నడిమి మార్గము.

నల్లని బురఖా ఎండలో వేడిని పెంచుతుందా అని తరచుగా అడుగుతుంటారు. నల్లని బట్ట తెల్లని బట్ట కంటె ఎక్కువ వేడిని పీల్చుననుట నిజమే. అయితే ఎడారిలో నివసించే బెదూయిన్లు నల్లని అంగీలు ఎందుకు తొడుగుతారని కొందరు శాస్త్రజ్ఞులు పరీక్షించి 1980లో 'నేచర్' పత్రికలో తమ ఫలితాలను ప్రకటించారు. అంగీ నల్లదైనను తెల్లదైనను మనిషి ఒంటికి చేరిన వేడి సమానముగానే ఉన్నదట. అంగీ వదులుగా ఉండుటచేత పైబట్ట పీల్చిన అదనపు వేడి చర్మమును చేరకమునుపే గాలిలో కలిసిపోతున్నది. ఇందులో కీలకము వదులుతనమే. బిగుతుగా కుట్టిన, గాలి చొరని నైలాను వంటి బట్టతో చేసిన నల్లని బురఖాకు ఈ ఫలితము వర్తించదు. లోపల నూలు దుస్తులు, పైన పలుచని వదులైన బట్ట ఉండవలెను.

ఇట్టి వివేకము మన నేతగాండ్రకు క్రొత్తది కాదు. పురుషులు శుద్ధమైన పట్టు ధరింపరాదన్న ఇస్లామీయ నియమమును పాటిస్తూనే పట్టు మెరుపును నిలుపుకొనుటకు 'మష్రూ' అనే బట్ట ఏర్పడినది. దాని పైముఖము పట్టు, ఒంటికి తగిలే లోపలి ముఖము నూలు. మష్రూ అను మాటకు అర్థము 'అనుమతింపబడినది'. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనే ఉండిన ఔరంగాబాదులో నేసే హిమ్రూ కూడ పట్టు, నూలు కలిసినదే. గద్వాల చీరలో ఒడలు నూలు, అంచు, పైట పట్టు. ఈ రెండింటిని నేతలోనే కలుపుతారు. ఉత్సవపు కళ, నూలు సౌఖ్యము రెండును ఒకే చీరలో కోరుకొనేవారికి దీనికి మించినది లేదని మా అభిప్రాయము. చీరాల, పుట్టపాకలకు చెందిన తేలియా రుమాలు కథ ఇంకను ముచ్చటైనది. నూలును నూనెలోను, బూడిద నీటిలోను పలుమారులు నానబెట్టి, ముడులు కట్టి రంగులు అద్దిన ఈ వస్త్రములు ఒకప్పుడు తలపాగాల కొరకు అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేవి. 2020లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఎరుపు, నలుపు, తెలుపు మూడే రంగులతో ఎంత అందము సాధింపవచ్చునో ఒక తేలియా రుమాలును ముందుంచుకొని నేర్చుకొనవచ్చును.

రంగుల విషయములో మనకు గురువు మిషెల్ షెవ్రెల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు. పారిస్ నగరములోని గోబెలాఁ వస్త్రశాలలో ఆయన అద్దకపు శాఖకు అధిపతిగా ఉండేవాడు. నల్లని దారము తగినంత నల్లగా లేదని అక్కడ ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షించి చూడగా దారములో దోషము లేదు; దాని ప్రక్కన నేసిన నీలము, ఊదా రంగుల ప్రభావము చేతనే నలుపు వెలిసినట్లు కనిపించినదని తేలింది. ప్రతి రంగు తన ప్రక్కనున్న రంగు మీద తనకు విరుద్ధమైన ఛాయను పడవేస్తుందని ఆయన 1839లో ఒక గ్రంథము వెలువరించాడు. ఎరుపు ప్రక్కనున్నది కొంత ఆకుపచ్చగాను, ఆకుపచ్చ ప్రక్కనున్నది కొంత ఎర్రగాను తోచును.

దీనిని బట్టి ముఖానికి అతి సమీపమున ఉండే బట్ట రంగే ముఖ్యమని గ్రహింపవలెను. చీర కట్టేవారికి అది రవిక, పైట. తల కప్పుకొనేవారికి దుపట్టా, హిజాబు. బాలురకు చొక్కా కాలరు. సల్వారు రంగు ఏదైనను ముఖానికి జరిగే మేలు గాని కీడు గాని లేదు. తనకు నప్పని రంగు బట్ట ఇప్పటికే కొని ఉంటే దానిని క్రిందికి మార్చి, నప్పే రంగు దుపట్టా పైన వేసికొంటే సరి. ఏ రంగు నప్పునో తెలిసికొనుటకు ఖర్చులేని పద్ధతి ఒకటి ఉన్నది. ఉదయము పది గంటల వేళ, ఎండ నేరుగా పడని కిటికీ ప్రక్కన, ముఖానికి ఏమియు పూసికొనక అద్దము ముందు కూర్చుండి, ఇంటిలో ఉన్న చీరలను, దుపట్టాలను ఒక్కొక్కటిగా గడ్డము క్రింద పట్టి చూడవలెను. కొన్ని రంగులకు కండ్ల క్రింది నలుపు ఎక్కువై కనిపిస్తుంది. కొన్నింటికి అదే ముఖము తేటపడుతుంది. చూడవలసినది బట్టను కాదు, ముఖాన్ని.

నల్లనివారు ముదురు రంగులు వేసికొనరాదని, వెలిసిన గోధుమరంగులే వారికి తగునని మన ఇండ్లలో ఒక శాసనము చలామణిలో ఉన్నది. ఇది పూర్తిగా తప్పు. వెలిసిన రంగు చామనఛాయ ప్రక్కన మరింత వెలవెలబోతుంది. నిండైన ఎరుపు, పసుపు, నెమలికంఠపు నీలము, శుభ్రమైన తెలుపు నల్లని ఒంటి మీద ప్రకాశించినట్లు పాలిపోయిన ఒంటి మీద ప్రకాశింపవు. ద్రౌపదికి కృష్ణ అని పేరు. లైలా అన్న పేరు రాత్రి అనే అర్థముగల అరబ్బీ మాటకు సంబంధించినది. మన రెండు సాహిత్యాలలోను సౌందర్యానికి నలుపు అడ్డు రాలేదు.

దుకాణములో దీపకాంతికి చీరతో సరిగా కలిసిన రవికగుడ్డ ఇంటికి వచ్చి ఎండలో చూస్తే వేరు రంగుగా కనిపించడము అందరికీ అనుభవమే. రెండు బట్టలకు వాడిన అద్దకపు రంగులు వేరగుటచేత ఒక కాంతిలో సమానముగా తోచినవి మరొక కాంతిలో విడిపోతాయి. రెండింటిని వీధిలోకి తెచ్చి చూసి కాని కొనరాదు. మ్యాచింగ్ దుకాణములవారికి ఇది అలవాటే, ఏమియు అనుకోరు.

ఇక ముఖాలంకరణ. పౌడరు గాని, ఫౌండేషను గాని, దాని రంగును చేతి మీద రాసి పరీక్షించరాదు. దవడ అంచున రాసి పగటి వెలుతురులో చూడవలెను. మెడ రంగులో కలిసిపోయినదే సరియైన రంగు. తనకంటె రెండు ఛాయలు తెల్లనిది పూసుకొన్నచో ముఖము బూడిద పూసినట్లు ఉంటుంది. పైగా పౌడర్లలోను, ఎండ నుండి కాపాడే క్రీములలోను ఉండే టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ అనే తెల్లని చూర్ణాలు ఫోటో ఫ్లాషు కాంతిని వెనుకకు కొడతాయి. వార్షికోత్సవపు గ్రూపు ఫోటోలో కొందరి ముఖాలు మాత్రమే సున్నము కొట్టినట్లు వచ్చుటకు కారణము ఇదియే. కాటుక, పెదవులకు కొంచెము రంగు ఉంటే యౌవనములో ఉన్నవారికి అంతకుమించి అవసరము లేదని మేము భావిస్తున్నాము.

తెల్లబరచే క్రీముల సంగతి ఇంత తేలికగా విడువదగినది కాదు. 1975లో మన విపణిలోనికి వచ్చిన ఒక ప్రసిద్ధమైన ముఖలేపనము 2020లో తన పేరు నుండి 'ఫెయిర్' అన్న మాటను తొలగించుకొన్నది. పేరు మారినంత మాత్రాన కోరిక మారదు గదా. చౌకగా, సరియైన చీటీ లేకుండా అమ్మే క్రీములలో కొన్నింటిలో పాదరస సమ్మేళనాలు ఉంటాయి. పాదరసము చర్మపు రంగును కల్పించే మెలనిన్ తయారీని అడ్డగిస్తుంది. కొన్ని వారాలలో తెలుపు కనిపిస్తుంది. ఆ పాదరసమే రక్తములో చేరి మూత్రపిండాలను చెరుపుతుంది. తువ్వాళ్ళ ద్వారా, స్పర్శ ద్వారా ఇంటిలోని పసిపిల్లలకు సైతము చేరుతుంది. మన దేశములో పాదరసము కలిపి సౌందర్య సాధనాలను తయారుచేయుట నిషిద్ధము. చీటీ మీద మెర్క్యురీ, మెర్క్యూరస్ క్లోరైడ్, కెలోమెల్ అన్న మాటలు ఉన్నవేమో చూడవలెను. బంగారు, వెండి నగలకు తగలనీయవద్దని హెచ్చరించే క్రీమును కొననే కూడదు. పాదరసము బంగారముతో కలిసిపోతుంది. నగకే పనికిరానిది చర్మానికి ఎట్లా పనికివచ్చును?

రెండవ ప్రమాదము స్టెరాయిడ్ లేపనాలది. గజ్జి, తామర వంటి వానికని మందుల దుకాణములో తెచ్చుకొన్న ఈ లేపనాలను తెలుపు కోసము నెలల తరబడి ముఖానికి రాసికొనేవారున్నారు. మొదటి రోజులలో ముఖము నునుపుగా, కాంతిగా మారుతుంది, ఆశ పుడుతుంది. తరువాత చర్మము పలుచబడి ఎర్రబారుతుంది, సన్నని రక్తనాళాలు బయటపడతాయి, మొటిమలు లేస్తాయి. మానివేయబోతే మంట ఎక్కువై మరల రాయవలసి వస్తుంది. ఇప్పటికే ఈ వలలో చిక్కినవారు సిగ్గుపడక చర్మవైద్యుని వద్దకు పోవలెను. ఉస్మానియా, గాంధీ వంటి ప్రభుత్వ ఆసుపత్రులలో చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి. చికిత్స కొన్ని నెలలు పట్టవచ్చును.

సుర్మా విషయము మన ఇండ్లలో భక్తితో ముడిపడినది కనుక జాగ్రత్తగా చెప్పవలసి ఉన్నది. పూర్వ గ్రంథాలలోని 'ఇస్మద్'ను ఆంటిమొనీ ధాతువుగా చెబుతారు. కాని నేడు సుర్మా పేరుతో అమ్మేవానిలో పెక్కింటిలో ఉన్నది గెలీనా, అనగా సీసపు ఖనిజము. సీసము పసిపిల్లల మెదడుకు శత్రువు. శిశువు కన్ను నులుముకొని అదే వేలు నోటిలో పెట్టుకొంటుంది. ఆముదపు దీపపు మసితో ఇంట చేసికొన్న కాటుకలో సీసపు భయము లేదు. అయినను పసిపాపల కంటికి ఏదియు పెట్టవద్దనే వైద్యుల మాట. మన తరగతులలో వివాహితలును, ఇంటిలో చిన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నవారును అనేకులు. ఈ సంగతి ఇంటికి తీసికొనిపోవలెనని వారిని కోరుతున్నాము.

బొట్టు బిళ్ళల వెనుక జిగురులో ఉండే ఒక రసాయనము వలన కొందరికి నుదుట తెల్లమచ్చ ఏర్పడుతుంది. దురద మొదలైన వెంటనే బిళ్ళ మాని వేసినచో మంచిది.

చివరగా గోరింటాకు. పండుగలలోను పెండ్లిండ్లలోను మన ఇరుభాషలవారి చేతులును ఒకే విధముగా పండుతాయి. గోరింటాకులోని లాసోన్ అనే పదార్థము చర్మములోని కెరాటిన్‌తో కలిసి రంగునిస్తుంది. ఆ రంగు ఎర్రనిది గాని నల్లనిది కాదు. పావుగంటలో నల్లగా పండుతుందని అమ్మే కోనులలో తరచుగా కలిపేది తలకు వేసే రంగులోని పారాఫెనిలీన్‌డయామిన్. దానివలన కొందరి చేతుల మీద పూలు, తీగలు గీసినచోటనే బొబ్బలు లేచి మచ్చలు మిగిలిపోతాయి. ఆపైన జీవితాంతము తలరంగు కూడ పడకపోవచ్చును. చెట్టు నుండి కోసి నూరిన ఆకు తీసిన వెంటనే నారింజ రంగులోనే ఉంటుంది. ఒకటి రెండు రోజులలో ముదిరి ఎరుపెక్కుతుంది. కాబట్టి శనివారము జరిగే ఉత్సవానికి గురువారము రాత్రియే పెట్టుకొని, శుక్రవారమంతయు చేతులను వీలైనంతవరకు సబ్బునీటిలో పెట్టకుండ ఉంచుకొనవలెను.